వెలుగు పెంచిన ముఖం

జర్మనీలో ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లోని ఒక స్టూడియోలో సహానా సినిమాలకు రంగులు సరిచేస్తుంది. ఇవాళ తెర మీద ఒకప్పుడు ఆఫ్రికాను ఏలిన జర్మన్ వలసపాలకుల సైన్యం. ముందు తెల్ల ఆఫీసరు, వెనక ఆఫ్రికా సైనికుడు.

“ఆఫీసర్ ఫేస్ ఇంకా బ్రైట్‌గా కావాలంట. వెనకాల వాడు డార్క్ అయిపోయినా పర్లేదంట,” అన్నాడు పక్క సీటు భార్గవ్. “పదింటికి డైరెక్టర్‌తో టెర్మిన్ ఉంది, మీటింగ్‌లో చూపించాలి.”

సహానా నీడను కొంచెం తగ్గించింది. చీకట్లోంచి సైనికుడి ముఖం బయటికొచ్చింది. అతను ఏడుస్తున్నాడు.

“చూశావా? ఇతన్ని చీకట్లో కలిపెయ్యడం నా వల్ల కాదు. మనిషిని ఉన్నట్టు చూపించాలి.”

“కథ ఆఫీసర్‌ది కదా సహానా.”

“అయితే ఏంటి? నేను మార్చను.”

అప్పుడే కాకినాడ నుంచి తమ్ముడు ఫొటో పంపాడు. ‘అమ్మ సమాధికి రాయి పెట్టించేశామక్కా.’

రాయి మీద అమ్మ నవ్వుతోంది. పోయిన నెల రాయి మీది ఆ అమ్మ ఫొటోను ఈ కుర్చీలో కూర్చునే సరిచేసింది సహానా. బతికినన్నాళ్లూ ‘నల్లావిడ’ అనిపించుకున్న అమ్మ, రాయి మీదైనా తెల్లగా ఉండాలని ముఖానికి వెలుగు పెంచింది.

గబగబా అసలు ఫొటో కోసం వెతికింది. అప్పుడు కొత్తదాన్ని దాని మీదే సేవ్ చేసేసింది. ఇంకో కాపీ లేదు.

ఫోన్ మళ్లీ మోగింది. ‘మా పాప రాయి ముందు నిలబడి, మన నాన్నమ్మ ఏది అంటోందక్కా.’