సున్నపు నీళ్లు

గణపతిరావు భార్యను చంపింది కామెర్లు కాదు, నాటు వైద్యం చేసే దాలమ్మ పసరు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో ఎవరు కాదన్నా అది అంతే. ఏడు నెలల కడుపుతో ఉన్న మనిషికి ప్రతి ఆదివారం పరగడుపున తాగించింది. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ తరవాత ముప్పై ఏళ్లు అతను దాలమ్మతో మాట్లాడలేదు.

వర్క్‌షాప్ నుంచి వచ్చి సైకిలు దిగేసరికి పక్క క్వార్టర్ గుమ్మంలో స్వాతి దురదకు అరచేతులు గోడకేసి రుద్దుతోంది. ఎనిమిదో నెల. భర్త ఉమాశంకర్ రైల్వే గార్డు, డ్యూటీలో ఉన్నాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ముఖంలోకి గణపతిరావు సూటిగా చూసింది లేదు.

ఈరోజు చూశాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. పక్కన గ్లాసులో పసరు.

“దాలమ్మదేనా?”

“మరే. తాగనంటే ఏడుస్తాది మావయ్యా. కామెర్లు దిగిపోతన్నాయిలే. చేతులకి మావిడి బెరడు ముద్ద రాసి సున్నపు నీళ్లలో ముంచితే నీళ్లు పచ్చగయినాయి.”

గణపతిరావు మిగిలిన ముద్ద తన చేతులకు రాసుకున్నాడు. వేరే గిన్నెలో సున్నపు నీళ్లు కలిపి ముంచాడు. అవీ పచ్చబడ్డాయి.

“నాకూ కామెర్లేటి? ఆ రంగు బెరడుది పిల్లా.”

స్వాతి ఏడవలేదు. గ్లాసు తనే కాలవలో ఒంపి, చెప్పులు వేసుకుంది.

“పద మావయ్యా, ఆస్పత్రికి.”

ఆ తెగువ అతనికి నచ్చింది.

బెంగాలీ డాక్టరమ్మ దురదే తప్ప ఒంటిమీద పొక్కుల్లేవని చూసి, రక్తం తీయించింది. గర్భం వల్ల కాలేయంలో పైత్యరసం నిలిచిపోయి రక్తంలో కలుస్తోందని, కానుపయ్యాక తల్లికి తగ్గిపోతుందని, ప్రమాదం బిడ్డకేనని చెప్పింది. మాత్రలిచ్చింది. మళ్లీ మళ్లీ పిలిపించి బిడ్డ గుండె విన్నది. నెలలు పూర్తిగా నిండేదాకా ఆగకుండా, ముందే మందుతో నొప్పులు తెప్పించింది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు, ఒక్క పని మరిచిపోలేదు. గణపతిరావు ఎవరినీ మెచ్చుకోడు. ఆవిడను మెచ్చుకున్నాడు.

ఆడపిల్ల పుట్టింది. వరండా అంతా వినబడేలా ఏడ్చింది.

వార్డు బయట దాలమ్మ నిలబడి ఉంది. అతన్ని చూసి చేతులు జోడించింది. ఏదో అనబోయింది. గణపతిరావు ముప్పై ఏళ్లకు ఆమె ముందు నోరు విప్పాడు.

“నేను కట్టుకున్న నీ కూతురి సంగతి నా దగ్గిర ఇంకెప్పుడూ ఎత్తకు, దాలమ్మా.”