పన్నీరు బోరు

మోసం చేయడానికి సాజిద్ ఆదివారాన్నే ఎంచుకున్నాడు. మార్కాపురంలో అతనుండే వీధి వీధంతా ఆ పూట చర్చికి పోతుంది. ఇంటి ముందు నీళ్ళ ట్యాంకరు ఆగినా చూసే కన్ను ఉండదు.

ఇల్లు మంచిదే. గాలి, వెలుతురు, మిద్దె మీదికి మెట్లు, అన్నీ ఉన్నాయి. లేనివల్లా నీళ్ళే. బోరు ఎండిపోయి చాలా కాలమైంది. కొనడానికి వచ్చిన ప్రతివాడూ గడప దాటకముందే "నీళ్ళెట్ల?" అంటాడు, జవాబు వినగానే చెప్పులు తొడుక్కుంటాడు. బిందెలు మోసి మోసి విసిగిపోయిన భార్య షాహజాదీ గిద్దలూరులో పుట్టింట్లో కూర్చుంది. నీళ్ళున్న ఇల్లు కొన్నాకే తనను పిలవమని ఆమె పంతం. ఇది అమ్మితే గానీ అది కొనలేడు. ఒంటరిగా గుడ్లు వేయించుకు తినీ తినీ, సాజిద్‌కి ఇప్పుడు కోడి కనబడితే చాలు, కోపం వస్తోంది.

అందుకే ఉపాయం పన్నాడు. సంపు నిండా ట్యాంకరు నీళ్ళు పోయించి, దాంట్లో మోటారు దించి, పైపును ఎండిన బోరు పక్కనుంచి లాగాడు. మీట నొక్కితే బోరే పోస్తున్నట్టు ఉంటుంది. అత్తరు దుకాణం ఎలాగూ ఉంది కాబట్టి సంపులో ఒక పన్నీరు సీసా కూడా వంచాడు.

ట్యాంకరు తెచ్చిన కుర్రవాడు విక్టర్.

"నువ్వు చర్చికి పోవా ఏంది?" అన్నాడు సాజిద్.

"మా పెద్దమ్మ నా వంతు గూడా ప్రార్థన చేస్తాది లే అన్నా" అని విక్టర్ నవ్వాడు.

ట్యాంకరు అటు పోయిందో లేదో, ఇటు తెల్లచీరలో, చంకలో బైబిలుతో రూతమ్మ అనే ఆవిడ వచ్చింది. త్రిపురాంతకం నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు వెతుక్కుంటోందట. గదులవైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా పెరట్లోకి పోయి, దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసింది.

"పన్నీరు మాదిరి ఉండాయే నాయనా!"

"ఆ గుణం ఈ భూమిలోనే ఉందక్కా" అన్నాడు సాజిద్, కళ్ళు కూడా ఆర్పకుండా.

"ఆగకుండా పోస్తాదో లేదో చూడాల గదా. నేను నూట పందొమ్మిదో కీర్తన పాడుకుంటా. అది అయ్యేదాకా మోటారు ఆగగూడదు. ఈడ బురదైతాది, ఆ పైపు గోడ అవతలికి ఎయ్యి."

ఒక్క కీర్తనే కదా అని సాజిద్ సరేనన్నాడు. బైబిలు మొత్తంలో దాన్ని మించిన పొడుగు కీర్తన లేదని అతనికి ఎవరు చెప్పాలి? రూతమ్మ మెట్ల మీద కూర్చుని, వీధి చివరిదాకా వినిపించే గొంతుతో రాగం తీసింది. గోడ మనిషికంటే ఎత్తు, అవతల ఖాళీ స్థలం. సాజిద్ సంపు మూత మీద కుర్చీ వేసుకుని, ఆమెకు అనుమానం రాకుండా నవ్వుతూ, చెవులు మాత్రం మోటారుకు అప్పగించి కూర్చున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. సంపు అడుగంటి మోటారు గురక మొదలుపెట్టబోతుండగా, రూతమ్మ ఒళ్ళో ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. ఆమె పుస్తకం మూసింది.

"ఆమేన్. ఆపు నాయనా."

పైవాడు తన పక్షాన ఉన్నాడని సాజిద్‌కి గట్టి నమ్మకం కుదిరింది.

తర్వాతి ఆదివారం రూతమ్మ చెల్లెల్ని తెచ్చింది. ఆ పై ఆదివారం మేస్త్రీ పని తెలిసిన మరిదిని తెచ్చింది. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళు చూపించాల్సిందే, కీర్తన పాడాల్సిందే. విక్టర్ వారం వారం వస్తూనే ఉన్నాడు, రేటు పెంచుతూనే ఉన్నాడు.

"ఎండలు ముదిరినాయన్నా. నీళ్ళ కోసం ఎంతెంత దూరం పోవాల్నో నీకేం తెలుసు?"

"అది సరే గానీ, నేను సీసా వంచకముందే నీళ్ళు పన్నీరు వాసనొస్తుండాయేందిరా?"

"నీ చేతుల వాసనన్నా అది. అత్తరు దుకాణమోడివి గదా!"

సాజిద్ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. నిజమే, గుబాళిస్తున్నాయి.

నాలుగో ఆదివారం రూతమ్మ కీర్తన నడిమధ్యలో ఆగి, ఇల్లు నచ్చిందనీ, వచ్చే వారం కొడుకును తెచ్చి ఆఖరుసారి నీళ్ళు చూపించి బయానా ఇస్తాననీ చెప్పింది. చెప్పి మళ్ళీ రాగం అందుకుంది.

సాజిద్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. సంపూ మరిచాడు, మోటారూ మరిచాడు. తన డొక్కు ఫోనుకు సిగ్నలు అందేది మిద్దె మీదే కాబట్టి మెట్లు మూడేసి చొప్పున దూకుతూ పైకి పరుగెత్తి, భార్యకు ఫోను చేశాడు.

"షాహజాదీ! ఇల్లు అమ్ముడుపోయినట్టే! సామాన్లు సర్దుకో!"

"నీళ్ళు లేని ఇల్లు ఎవరు కొంటుండారు? ఉన్నది ఉన్నట్టు చెప్పినావా, లేకపోతే ఎవర్నన్నా ముంచుతుండావా?"

సాజిద్ పకపకా నవ్వుతూ పిట్టగోడ మీదుగా పెరటి అవతలికి చూశాడు. నవ్వు సగంలోనే ఆగింది.

ఖాళీ స్థలంలో, గోడకు ఆనించినట్టు ట్యాంకరు నిలబడి ఉంది. తన పైపు దాని నోట్లో ఉంది. పన్నీరు వాసన మిద్దె దాకా కొడుతోంది. ట్యాంకరు ఎక్కి కూర్చున్న విక్టర్ లోపలికి తొంగి చూసి, జేబులోంచి ఫోను తీసి ఏదో నొక్కాడు. కింద రూతమ్మ ఫోను ఒకసారి మోగి ఆగింది.

"ఆమేన్" అంది రూతమ్మ.

విక్టర్ తలెత్తాడు. సాజిద్‌ని చూసి కొంచెం కూడా తడబడకుండా పళ్ళికిలించాడు.

"మా పెద్దమ్మ వచ్చే ఆదివారం గూడా వస్తాదంట గదన్నా, మళ్ళా ఇవే నీళ్ళు పొయ్యమంటావా, ఈసారికి కొత్తవి తెమ్మంటావా?"