చెప్పులు విప్పని చోటు

గ్రంథాలయంలోకి చెప్పులు లేకుండా వచ్చిన పెద్దాయనను చూసి లైబ్రేరియన్ కుర్చీలోంచి లేచింది.

ఆమె ఆ ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయింది.

చిన్నప్పుడు ప్రతి ఆదివారం నాన్న చెయ్యి పట్టుకుని ఆ హాలుకే వచ్చేది. అప్పట్లో గుమ్మం పక్కన 'చెప్పులు బయట విడువవలెను' అని బోర్డు ఉండేది. ఎండలో కాలిన కాళ్ళు లోపలి నల్లరాతి బండల మీద పెట్టగానే ప్రాణం లేచొచ్చేది. బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ చల్లటి నేల మీద కూర్చుంటే, ఇంటికి పోదాం రమ్మని నాన్న రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

ఇప్పుడంతా తిరగబడింది. నిరుడు ఒకాయన కాలికి గాజుపెంకు గుచ్చుకుని పెద్ద గొడవయింది. పైవాళ్ళు ఆ బోర్డు పీకించి, అవే మేకులకు 'పాదరక్షలు లేనిదే ప్రవేశం లేదు' అని కొత్తది తగిలించారు.

దాన్ని చూసినప్పుడల్లా ఆమెకు నవ్వొచ్చేది. అయినా రూలు రూలే.

పెద్దాయన పొట్టిగా ఉన్నాడు. మెడలో తువ్వాలు. పుస్తకాల వైపు కన్నెత్తి చూడలేదు. గోడవారగా అడుగులో అడుగు వేసుకుంటూ పిల్లల పుస్తకాల బీరువా దాకా వెళ్ళి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

ఐదు నిమిషాలు. పది నిమిషాలు.

చదువుకుంటున్నవాళ్ళు పేపర్లు దించి చూడసాగారు.

ఆమె దగ్గరికి వెళ్ళి మెల్లగా రూలు సంగతి చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. చెప్పులకు స్తోమత లేదేమో అనుకుని, తన బల్ల కింద ఉన్న పాత జత తెచ్చి ఇచ్చింది. బుద్ధిగా తొడుక్కున్నాడు. ఒక్క నిమిషం నిలబడి, విప్పేసి, రెండూ పక్కపక్కన ఆమె ముందు పెట్టాడు.

"వీటితో వినపడదమ్మా."

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

మర్నాడూ వచ్చాడు. ఈసారి రెండడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు. రోజూ వచ్చే హెడ్మాస్టరు ఒకాయన, పిల్లలు తిరిగేచోట మతిలేని మనుషులను రానిస్తే పైకి ఫిర్యాదు రాస్తానన్నాడు. అసలే కొత్త ఉద్యోగం.

"తాతగారూ, రేపటి నుంచి ఇలా రాకండి. నాకు మాటొస్తుంది" అంది.

"ఇంకో రెండు రోజులమ్మా. పొద్దున్నే, చప్పుడు లేనప్పుడు కాసేపు నిలబడనిస్తే ఖాయంగా చెప్పేస్తాను."

ఏం చెబుతారని ఆమె అడగలేదు.

"పోనీ, ఒక్కసారి నువ్వే చెప్పులు విప్పి ఇక్కడ నిలబడు తల్లీ" అన్నాడాయన.

ఒక్క క్షణం ఆమెకు ఆ బండల చల్లదనం గుర్తొచ్చింది. విప్పేద్దామనే అనిపించింది. కానీ హాలంతా తననే చూస్తోంది. తల అడ్డంగా ఊపింది.

ఆయన తువ్వాలుతో అరికాళ్ళు దులుపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

నెలన్నర తరవాత ఒక ఉదయం ఆమె తాళం తీసేసరికి పిల్లల బీరువా పక్కకు ఒరిగి ఉంది. దాని కింద మూడు బండలు కుంగిపోయాయి. ఆ పక్కనే మెట్లు దిగి వెళ్ళే నేలగదిలో మోకాటి లోతు నీళ్ళు.

పాత రిజిస్టర్లన్నీ ఆ గదిలోనే ఉండేవి. ఎవరు ఏ రోజు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో, అరవై ఏళ్ళ సంతకాలు. వాటిలో నాన్నది ఒకటి. దాని పక్కనే, ఆరేళ్ళప్పుడు తను పట్టుబట్టి రాసిన వంకర అక్షరాలు. ఉద్యోగంలో చేరిన వారంలోనే వెతుక్కుని మరీ చూసుకుంది. నాన్న పోయాక ఆయన చేతిరాత మిగిలింది అక్కడొక్కచోటే.

ఆ రిజిస్టరును నీళ్ళలోంచి తీసి అట్ట తెరిచింది. సిరా అంతా కరిగి, పేజీ పేజీ నీలంగా ఉంది.

నీళ్ళ ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చి బండలు లేపించాడు. కింద పెద్ద పైపు ఎప్పుడో సన్నగా చిట్లిందని, నెలల తరబడి మట్టి కోసుకుపోయిందని చెప్పాడు. ముందే తెలిసుంటే ఒక పూట పని అన్నాడు. ఈమధ్య ఇక్కడ ఏమైనా తేడా గమనించారా అని అడిగాడు.

ఆమె కాస్త తటపటాయించి, చెప్పులు లేని పెద్దాయన సంగతి చెప్పింది.

ఇంజనీరు రాసుకుంటున్న పుస్తకం మూసేశాడు.

"పొట్టిగా, మెడలో తువ్వాలుతో ఉంటారా?"

"అవును. ఎక్కడుంటారో చెప్పండి, నేనే వెళ్ళి పిలుచుకొస్తాను."

"పోయి నెల కావస్తోందండీ."

ఇంజనీరు వంగి ఆ గుంటలోకి చూశాడు.

"నేల కింద పైపు ఎక్కడ చిట్లిందో అరికాళ్ళతో విని చెప్పడమే ముప్పై ఏళ్ళు మా ఆఫీసులో ఆయన ఉద్యోగం, రిటైరయ్యాక కూడా ఎవరూ అడక్కుండానే, పొద్దున్నే లేచి ఊరంతా అలా వింటూ నడిచేవారు."