ఫోటోలో ముఖం

"కాస్త ఇటు తిరగండి పిన్నిగారూ. శ్రీలంక టూరిస్ట్ వీసాకి ముఖం నిండుగా పడాలి" అంది నీలోఫర్, కెమెరా సరిచేస్తూ.

పాలకాయతిప్ప నుంచి బందరులోని ఈ ట్రావెల్స్ దుకాణానికి వచ్చిన నాంచారమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు.

"బొట్టు ఉండొచ్చా అమ్మాయ్?"

"శుభ్రంగా ఉండొచ్చు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. అక్కడ విమానం దిగాక ఫోటోతో ముఖం పోల్చి చూస్తారు. తిరిగొచ్చేటప్పుడూ అంతే."

"వచ్చేటప్పుడు కూడానా? ముఖం మారితే రానివ్వరా?"

నీలోఫర్ నవ్వింది. "నాలుగు రోజుల్లో ఏం మారుతుందండీ? ఇంతకీ ఊళ్ళు చూడ్డానికా, గుళ్ళకా?"

"మా ఆయన సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదమ్మా. అక్కడ ఒడ్డుకి ఓ శవం కొట్టుకొచ్చిందంట. ఆయనేనేమో చూసి చెప్పమన్నారు." నాంచారమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంది. "కళ్ళారా చూసేదాకా మాలో బొట్టు తియ్యరు. ఈ ముఖంతో వెళ్ళి ఆ ముఖంతో వస్తే ఆపేస్తారేమోనని అడిగా."

"ఆపరు" అనబోయి నీలోఫర్ ఆగిపోయింది. ఆ మాటంటే ఆయన పోయాడని తనే ఒప్పుకున్నట్టవుతుంది.

"మారదులే పిన్నీ" అంటూ కెమెరా ఎత్తింది. అందులో బొట్టు తప్ప మిగతా ముఖమంతా మసగ్గా కనిపించింది.