అంగిలి చూసిన బండి

పళ్ళు శుభ్రం చేసే బండి ఆరు నెలలకోసారి మా భీమిలి వీధిలోకి వస్తుంది. లోపల డాక్టరుండడు. ఒక కుర్చీ, రెండు సన్నని ఇనుప చేతులు, ఓ మెత్తని గొంతు ఉంటాయి. వీధంతా వరసకట్టినా మా అత్త బంగారమ్మ మాత్రం రెండుసార్లు ఏదో వంకతో తప్పించుకుంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం ఆవిడకు చిన్ననాటి అలవాటు. మానేశానని మాకు చెప్పి, పెరట్లో కాలుస్తుంది.

ఈసారి బొగ్గుపొడితో అరగంట తోముకుని, నన్ను వెంటబెట్టుకుని తనే బయలుదేరింది.

“సూడవే నీలా, మల్లిమొగ్గలు! ఆ బండికేటి తెలుస్తాది?”

బండి గార గీకింది, చిగుళ్ళు తుడిచింది. తర్వాత చిన్న అద్దాన్ని పైకి తిప్పింది.

“పళ్ళు బాగున్నాయమ్మా. అంగిట్లో తెల్లమచ్చ ఉంది. చుట్ట వేడికి వచ్చింది. పోయినసారి వచ్చుంటే అప్పుడే చెప్పేదాన్ని. ఇప్పటికీ ముదరలేదు, మానేస్తే పోవచ్చు. ముదిరితే కోయాలి.”

“నెమ్మదిగా సెప్పు, కోడలింటాది!”

“విన్నానత్తా,” అన్నాను.

అత్త నాలుకతో అంగిలి తడుముకుంది. “కోసేత్తే సేపల పులుసు తినగలనా?”

“కష్టమమ్మా.”

అత్త రొంట్లోంచి చుట్టల కట్ట తీసి బండి పళ్ళెంలో పడేసింది.

“ఆర్నెల్లే! మచ్చ పోకపోతే నా సుట్టలు నాకిచ్చెయ్యాల. రసీదియ్యి.”

“తొమ్మిది చుట్టలు,” అని బండి రసీదు రాయబోయింది.

నేను ఆవిడ రొంటి వైపు చూశాను.

“పదని రాయి,” అంది అత్త, దాచుకున్న ఆఖరిదాన్ని కూడా తీస్తూ.