గులాబీ రంగు బుగ్గలు

“మా నయనకు గీ ఆదివారం పదకొండమ్మా. టెంటు, కుర్చీలు, వంట... అన్నీ మీరే జూసుకోవాలె.”

లత ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలు కడుగుతున్న భర్త జైపాల్‌ను సైగ చేసి పిలిచింది.

“ఏ ఊరు సార్?”

“లాల్‌గడి మలక్‌పేట్. వీరయ్య ఇల్లంటే ఎవరైనా జూపిస్తరు. మా దిక్కు టెంట్లన్నీ పెండ్లిళ్లకు పోయినయట. అందుకే మేడ్చల్ దాంక ఫోన్ జేసిన.”

“నయన మీ మనవరాలా సార్?”

“మనవరాలే. ఫొటో పంపిన, జూడు. దాన్ని పెద్దగ జేయించుకరాండ్రి.”

లత ఫొటో తెరిచింది. గులాబీ రంగు గౌను, ముందు పళ్ల మధ్య సందు, చెంపకు అంటిన క్రీము. ఎదురుగా కేకు, దాని మీద పది అంకె కొవ్వొత్తి. పోయిన ఏడాది దిగిన ఫొటో కాబోలు.

లత మనసు గంతులేసింది. బెలూన్లతో కమాను కట్టే ఫ్రేము, గాలి కొట్టే మిషను కొని ఆరు నెలలైంది. ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. చుట్టుపక్కల పుట్టినరోజులన్నీ కండ్లకోయ దిక్కున్న డెకరేషన్ వాళ్లకే పోతున్నాయి. “ఆ బుగ్గల మిషన్ పాత ఇనుపసామానోనికి ఏస్త” అని జైపాల్ రోజూ ఎత్తిపొడుస్తున్నాడు. ఈ ఒక్కటి బాగా చేస్తే, నలుగురూ చూస్తే, ఇక వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు.

“డెకరేషన్ సుత మేమే జేస్తం సార్. పాపకు ఏ రంగు ఇష్టం?”



“గులాబి. ఆమెకు అన్నీ గులాబే ఉండాలె.”

“వంటలు?”

“ఆమెకు ఇష్టమైనయన్నీ వండాలె. రాసుకో. నూడుల్స్, చికెన్ పకోడి, ఆలుగడ్డ ఏపుడు, గులాబ్ జామూన్. ఒక్కటి తక్కువైనా ముట్టది.”

లతకు నవ్వొచ్చింది. “మా అక్క బిడ్డ గూడ గంతే సార్. మరి డీజే? బడి దోస్తులొస్తరు గద.”

“వద్దు.”

“చిన్న సౌండ్ బాక్సన్నా...”

“వద్దన్న గదమ్మా.” ఆయన కొంచెం తగ్గాడు. “చిన్నపిల్లకు ఇంత పెద్దగ ఎందుకని మా అన్న ఒకటే లొల్లి. నేను ఆయన మాట ఇంటనా? పెద్దోళ్లకు జేసినట్టే నా మనవరాలికి జేస్త. నువ్వు మాత్రం ఏ లోటు రానియ్యకు బిడ్డా.”

ఫోన్ పెట్టేశాడు.

“ముసలాయన మాటల నవ్వే లేదు గదనే?” అన్నాడు జైపాల్.

“భూములున్నోళ్లు గట్లనే మాట్లాడుతరు. నువ్వు పొయ్యి ఫ్లెక్స్ జెప్పిరా. ఉత్త ఫొటో ఏం బాగుంటది? కింద పుట్టినరోజు శుభాకాంక్షలని రాయించు. పెద్దక్షరాలు.”

“ఆయన అడగలే గద?”

“అడగకుంటనే జేస్తే గదా మల్ల పిలిచేది!”

ఆదివారం తెల్లవారుతుండగానే ట్రాలీ ఆటోలో వంట మనిషి సిద్దమ్మను కూడా ఎక్కించుకుని ఊరు చేరారు. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కనున్న ఖాళీ ప్లాటులో నీళ్ల డ్రమ్ములు, కట్టెలు సిద్ధంగా ఉన్నాయి.

“ఇంట్ల ఎవ్వరు లేరేందే?” అన్నాడు జైపాల్.

“గుడికి పోయుంటరు, అర్చన జేయించనీకి. నువ్వు జల్దీ టెంటెయ్యి.”

సిద్దమ్మ పొయ్యి వెలిగించింది. లత మిషను పట్టుకుని కూర్చుంది. ఒకటి పగిలితే ఇంకొకటి ఊదుతూ, రెండు వందల బెలూన్లతో గేటుకు కమాను కట్టింది. నడిమధ్యలో మెరిసే పదకొండు అంకె. దాని కింద నవ్వుతున్న నయన ఫ్లెక్స్.

జైపాల్ దూరం జరిగి చూశాడు. “ఏమాటకామాట, మస్తుగున్నయే నీ బుగ్గలు.”

పెళ్లయిన పన్నెండేళ్లలో అతను లత పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఎండ ఎక్కుతుండగా రెండు కార్లు, ఒక ఆటో వచ్చి ఆగాయి. అందరూ తలస్నానాలు చేసినట్టున్నారు, ఆడవాళ్ల జుట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. కమాను చూసి ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు.

“జూసినవా? నోర్లు తెరిచిండ్రు” అని లత జైపాల్ చెవిలో గుసగుసలాడింది.

కార్లోంచి దిగిన ఒకామె మెల్లగా నడిచి వచ్చింది. మూతి, ముక్కు అచ్చం ఫొటోలోని పిల్లవే. తల్లే అనుకుంది లత. ఆమె ఒక బెలూన్‌ను వేలి కొసతో ముట్టుకుంది. తర్వాత అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

లత నీళ్ల గ్లాసుతో ఉరికింది. “ఎండ దెబ్బ తగిలినట్టుంది మేడమ్, జర తాగుండ్రి. పాప ఏది? తోలుకరాండ్రి, మొదటి ఫొటో ఈ గేటు కాడనే దింపుదం.”

తల్లి తలెత్తి లతను చూసింది. గ్లాసు అందుకోలేదు.

“ఎవ్వడు కట్టమన్నడే గివి?” వెనకనుంచి ఒక పెద్దాయన అరుస్తూ వచ్చి, ఫ్లెక్స్ పట్టుకుని లాగబోయాడు. “పీకుండ్రి ముందు!”

“ఆగన్నా.”

తెల్ల పంచె కట్టుకున్న ముసలాయన ముందుకొచ్చాడు. గొంతును బట్టి లత ఆయన్ను గుర్తుపట్టింది. వీరయ్య.

“తప్పయితే జెప్పుండ్రి సార్” అంది లత. “మీరే గద గులాబి రంగన్నరు...”

వీరయ్య కమానును కిందినుంచి పైదాకా చూశాడు.

“ఉండనీయిండ్రి. ఆమెకు ఇష్టమే గద.”

ఆయన నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి సిద్దమ్మ ముందు విస్తరాకు పట్టాడు. నూడుల్స్, పకోడి, వేపుడు, రెండు గులాబ్ జామూన్లు. అన్నీ ఉన్నాయో లేవో వేలితో చూపిస్తూ సరిచూసుకున్నాడు. మొదటి ముద్ద మనవరాలికే కాబోలనుకుంది లత, పిల్ల ఏ పక్కనుంచి వస్తుందో అని కార్లవైపు చూస్తూ.

వీరయ్య ఆకును ప్రహరీ గోడ మీద పెట్టి, “రా బిడ్డా, తిను” అని కాకులను పిలిచాడు.