బిందె మీది పేరు

ఈ నెలలో అది తొమ్మిదో సుడిగాలి. శ్రీకాకుళం తీరంలో దాన్ని ఇప్పుడెవరూ వింతగా చెప్పుకోవడం లేదు. సైరన్ మోగితే పొయ్యి ఆర్పి నేలమాళిగలోకి దిగడం, గాలి ఆగితే పైకొచ్చి చీపురు పట్టుకోవడం, అంతే. ఎగిరిపోయిన సామాన్లను డ్రోన్లు ఏరుకొచ్చి బడి ఆవరణలో పోస్తాయి. వాటి మీదున్న పేర్లను మైకు ఒక్కొక్కటిగా పిలుస్తుంది. అందుకే గిన్నెల మీద పేర్లు కొట్టే అసిరితల్లికి తెల్లారింది మొదలు నడుం వాల్చే తీరిక లేదు.

మధ్యాహ్నం పక్కవీధి నూకరత్నం సొట్టలు పడ్డ ఇత్తడి బిందె తెచ్చి ఆమె ముందు పెట్టింది. దాని మీద ‘సూరాడ దానయ్య’ అని ఉంది.

“ఈ పేరు సెరిపీయే, అమ్మీ.”

“సెరిపీస్తే ఈసారి ఎగిరినపుడు మరి రాదు పిన్నీ. బాబాయి కొన్న బిందె కదా?”

“నాలుగుసార్లు వొచ్చింది. రాకపోతే పోనీ.” నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. “గాలి మీ బాబాయిని పట్టుకుపోయి రెండేళ్ళయింది. మైకులో ఆ పేరు ఇనబడితే మనిషే దొరికాడనుకుని పరిగెడతన్నాను. ఇంక నా వల్ల కాదు.”

అసిరితల్లి ఆకురాయి అందుకుంది. పేరు సగం అరిగేసరికి బడి దగ్గర మైకు పిలిచింది.

“సూరాడ దానయ్య.”

ఏ చెంబో, పళ్ళెమో అయ్యుంటుందని ఇద్దరికీ తెలుసు. అయినా నూకరత్నం చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.